షైనీ మనకేమీ బాకీ లేదు

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం, పోకెమాన్ ఆడే కుర్రాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళ ముందు ఇంటర్ లెక్కల మాస్టారు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఏసీ మొరాయించిందట, ఫ్యాన్లే దిక్కు, వాటి చప్పుడులో నేను కాస్త గొంతు పెంచాలి, మీరు కాస్త ఓర్చుకోవాలి. ఈ ఎండల్లో ఇంతమంది వచ్చారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ముందు పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను, పిల్లలూ, మీరు ఓపిక పట్టండి. పోకెమాన్ అంటే వింత జీవులను పట్టి పోగేసుకునే ఆట. ఒక్కో జాతికి ఒక రంగు ఉంటుంది. వేలల్లో ఒక్కసారి అదే జీవి వేరే రంగులో ఎదురవుతుంది, రాగానే చుట్టూ నక్షత్రాల్లాంటి మెరుపులు ఎగురుతాయి. దాన్ని షైనీ అంటారు. దానికి బలం ఎక్కువేమీ ఉండదు, కొత్త విద్యలేమీ రావు, రంగు మారుతుందంతే. కొన్నిటికి ఆ రంగు కూడా సరిగ్గా మారదు. గెంగార్ షైనీని మామూలు దాని పక్కన పెట్టి తేడా చెప్పమంటే మీ వల్ల కాదు, పందెం. అదే రేక్వాజా అయితే పచ్చది కాస్తా నల్లగా నిగనిగలాడుతూ దిగుతుంది, అది చూశాక ఎవరికైనా కావాలనిపిస్తుంది. సరే, మీ అబ్బాయి అర్ధరాత్రి దాకా దుప్పట్లో దూరి టకటకా నొక్కేది దీని కోసమే. (నవ్వులు)

ఇది మొదలైంది 1999 నవంబరులో, జపాన్‌లో గోల్డ్, సిల్వర్ ఆటలు వచ్చినప్పుడు. అందులో లేక్ ఆఫ్ రేజ్ అని ఒక సరస్సు ఉంటుంది, దాని మధ్యలో ఎర్రటి గ్యారడోస్ కాచుకుని ఉంటుంది. గ్యారడోస్ అంటే మామూలుగా నీలం. ఆ ఎర్రది మాత్రం ఆడిన ప్రతి ఒక్కరికీ ఖాయంగా ఎదురవుతుంది, అందులో అదృష్టం పాత్రే లేదు. ఎందుకు పెట్టారంటారు? నా ఉద్దేశంలో అది ప్రకటన లాంటిది. ఇలాంటి రంగు మారినవి ఉన్నాయిరా అబ్బాయిలూ అని కథలోనే ఒకసారి చూపించేసి, మిగతావి మీరే వెతుక్కోండి అని వదిలేశారు. అలా చూపించి ఉండకపోతే చాలామంది షైనీ కనిపించినా ఆట పాడైందనుకుని మూసేసేవాళ్ళు.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం, నేనొచ్చిందే అందుకు. ఆ ఆటల్లో ప్రతి జీవికీ లోపల 0 నుంచి 15 దాకా కొన్ని అంకెలు దాచి ఉంటాయి: దాడికి ఒకటి, రక్షణకు ఒకటి, వేగానికి ఒకటి, స్పెషల్ అని ఇంకొకటి. రక్షణ, వేగం, స్పెషల్ మూడూ సరిగ్గా 10 ఉండాలి, దాడి అంకె మాత్రం పదహారింటిలో ఒక ఎనిమిదిలో ఏదైనా కావచ్చు. అప్పుడే షైనీ. చేత్తోనే గుణించండి: దాడికి సగం అవకాశం, మిగతా మూడింటికీ ఒక్కోదానికి పదహారో వంతు. 2 ఇంటు 16 ఇంటు 16 ఇంటు 16. ఎంతమ్మా? ... 8,192. అదే. ఆ రోజుల నుంచి 2013 దాకా అందరి నోటా నానిన 8,192 అక్కడి నుంచి వచ్చిందే. ఇంకో తమాషా ఏమిటంటే, అంతకు ముందు వచ్చిన మొదటి ఆటల్లోని జీవులకు కూడా ఈ అంకెలు ఉండేవి, కానీ అక్కడ షైనీ అనేదే లేదు. అక్కడ ఏళ్ళ తరబడి మామూలుగా కనిపించిన జీవిని గోల్డ్‌లోకి పంపిస్తే, అంకెలు కలిసి ఉంటే, రంగు మార్చుకుని దిగేది.

2002లో రూబీ, సఫైర్ వచ్చేసరికి పద్ధతి మార్చేశారు, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఆడేవాడికి ఒక ఐడీ నంబరు ఉంటుంది, అది అందరికీ కనిపిస్తుంది. దానితో పాటు రహస్యంగా ఇంకో నంబరు కూడా ఉంటుంది. జీవి పుట్టేటప్పుడు దానికీ ఒక పెద్ద నంబరు పడుతుంది, దాన్ని రెండు ముక్కలు చేస్తారు. మనవి రెండు, దానివి రెండు, ఈ నాలుగింటినీ ఎక్స్‌ఓఆర్ చేస్తారు. ఇంజినీరింగ్ పిల్లలున్నారా? ఆ, ల్యాబ్‌లో గేట్లు కలిపి ఉంటారు కదా, అదే ఎక్స్‌ఓఆర్. మిగతావాళ్ళు, నంబర్లను ఒకదానితో ఒకటి పోల్చి కొత్త నంబరు తీసే పద్ధతి అనుకోండి చాలు. వచ్చిన జవాబు 65,536 విలువల్లో ఏదైనా కావచ్చు, అది 8 కంటే తక్కువైతే షైనీ. భాగిస్తే మళ్ళీ అదే 8,192లో ఒకటి. దీని అర్థం ఏమిటో చూడండి. అచ్చంగా అదే నంబరుతో పుట్టిన జీవి నీకు ఎదురైతే షైనీ, మీ తమ్ముడికి ఎదురైతే మామూలుది. పెళ్ళికి ముందు జాతకాలు కలిపి చూసినట్టే, దాని నంబరు ఒక్కటే బాగుంటే సరిపోదు, మన నంబరుతో పొంతన కుదరాలి. 2013లో ఎక్స్, వై వచ్చినప్పుడు ఆ 8ని 16 చేశారు, దాంతో అవకాశం రెట్టింపై 4,096లో ఒకటి అయింది. ఇప్పటికీ మెయిన్ ఆటల్లో కదలని అంకె అదే.

ఇప్పుడు నన్ను చాలామంది అడిగే ప్రశ్న. "సార్, 4,096లో ఒకటి అన్నారు కదా, నేను 4,096 సార్లు వెతికాను, రాలేదు, ఆటలో ఏదో మోసం ఉంది." మోసం లేదు నాయనా. 4,096 సార్లు వెతికినవాళ్ళు వంద మంది ఉన్నారనుకో, వాళ్ళలో 63 మందికి కనీసం ఒక్కటైనా వస్తుంది, 37 మంది ఉత్త చేతులతో ఉంటారు. ఈ 37 నేను కల్పించింది కాదు, అరుదైన సంగతుల అవకాశం కట్టే పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ అని ఒక సూత్రం ఉంది చూడండి, అందులో లాంబ్డా, అంటే సగటున ఎన్ని రావాలో ఆ అంకె, 1 వేసి, ఒక్కటీ రాకపోవడానికి ఎంతో కట్టండి, 0.368 వస్తుంది. సగం మందికి దొరకాలంటే సుమారు 2,840 సార్లు చాలు. నూటికి తొంభై మందికి దొరకాలంటే 9,430 దాకా పోవాలి. తొంభై తొమ్మిది మందికి అంటే 18,860 దగ్గరికి పోతుంది, అప్పుడు కూడా వందమందిలో ఒకడు మిగిలిపోతాడు, ఆ ఒక్కడే ఆట మీద పోస్టులు పెడతాడు. (నవ్వులు)

అసలు తిరకాసు దీని తర్వాత ఉంది. పదివేల సార్లు వెతికి ఏమీ దొరకనివాడు, ఇవాళ పొద్దున మొదలుపెట్టినవాడు పక్కపక్కన కూర్చున్నారు. తర్వాత ఎదురయ్యే జీవి షైనీ అయ్యే అవకాశం ఎవరికి ఎక్కువ? ... చేతులెత్తండి. ఆ, సగం మంది పదివేలవాడికే అంటున్నారు. ఇద్దరికీ ఒకటే. ఆట లోపల "పాపం వీడు ఇన్నిసార్లు వెతికాడు" అని రాసిపెట్టే ఖాతా ఏదీ లేదు. ప్రతిసారీ కొత్తగా ఒక నంబరు పుడుతుంది, పోతుంది, అంతే. "ఇంతసేపు ఆడాను కాబట్టి ఇక వచ్చి తీరాలి" అనుకోవడం మన మనసు చేసే మాయ. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, వేరే ఆటల్లో అలాంటి ఖాతా నిజంగానే ఉంటుంది. గెన్‌షిన్ ఇంపాక్ట్ ఆడేవాళ్ళున్నారా? అందులో పాత్రల కోసం లాటరీలా తీస్తూ పోతే 90వ సారికల్లా ఫైవ్ స్టార్, అంటే అరుదైనది, ఖాయం, దాన్ని పిటీ అంటారు, జాలి అని. అది అలవాటైన పిల్లలు ఇక్కడికి వచ్చి అదే ఆశిస్తారు. ఇక్కడ అడవిలో తిరిగితే పిటీ లేదు, జాలి లేదు, షైనీ మనకేమీ బాకీ పడి లేదు.

అయితే చేతులు ముడుచుకుని గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనాలా? అక్కర్లేదు. ఓపికతో అవకాశం పెరగదు గానీ పద్ధతితో పెరుగుతుంది. ఇది రెండు చేతులా పట్టుకోండి.

2006లో డైమండ్, పెర్ల్ ఆటల్లో పోకే రేడార్ అని ఒక పరికరం ఇచ్చారు. గడ్డిలో నిలబడి నొక్కితే చుట్టూ కొన్ని చోట్ల గడ్డి ఊగుతుంది. మీకు కావాల్సిన జీవి ఒకదాంట్లో దొరుకుతుంది, దాన్ని ఓడించగానే మళ్ళీ కొన్ని చోట్ల ఊగుతుంది, మళ్ళీ అదే జాతి వస్తే గొలుసు పెరుగుతుంది, వేరేది వచ్చిందా, మొత్తం తెగింది, మొదటికొచ్చాం. అనుభవం ఉన్నవాళ్ళు ఎప్పుడూ మనకి నాలుగడుగుల దూరంలో, చివరి వరసలో ఊగే గడ్డిలోకే వెళ్తారు, అక్కడ గొలుసు తెగే ప్రమాదం తక్కువ. ఊగిన గడ్డి నచ్చకపోతే యాభై అడుగులు అక్కడక్కడే వేసి రేడార్‌ని మళ్ళీ ఛార్జ్ చేసుకోవాలి, ఈలోపు వేరే జీవులు మీద పడకుండా రిపెల్ అనే మందు కొట్టుకుంటూ ఉండాలి, అది అయిపోయిన సంగతి చూసుకోకుండా ఒక్కడుగు వేశామా, ఏ బిడూఫో వచ్చి ముప్పై ఎనిమిదో మెట్టు మీద నుంచి కిందకి తోసేస్తుంది. నలభైకి చేరితే 200లో ఒకటికి దగ్గరగా వస్తుంది. అక్కడితో ఆగిపోతుంది, యాభైకి తీసుకెళ్ళినా అరవైకి తీసుకెళ్ళినా పైసా పెరగదు. గొలుసుని లెక్కపెట్టే ఖాతా ఉంది, మన కష్టాన్ని లెక్కపెట్టే ఖాతా లేదు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే సగం గొడవలు.

అదే ఆటల్లో ఇంకో పద్ధతి కూడా వచ్చింది, మసుదా పద్ధతి. గేమ్ ఫ్రీక్‌లో పనిచేసిన జునిచి మసుదా పేరు మీద అలా పిలుస్తారు. గుడ్లు పెట్టించేటప్పుడు తల్లి ఒక భాష ఆటలోది, తండ్రి వేరే భాష ఆటలోది అయితే పిల్ల షైనీ అయ్యే అవకాశం పెరుగుతుంది. భాషాంతర వివాహాలకు ప్రోత్సాహకం అన్నమాట. (నవ్వులు) తెలుగులో మెయిన్ ఆటలు రాలేదు కాబట్టి మనకి జపనీస్ ఆటలోని డిట్టో ఒకటి దొరికితే చాలు, డిట్టో అంటే దాదాపు ఏ జాతితోనైనా జతకట్టే జీవి, దానితో గుడ్లు పెట్టించొచ్చు.

ఇక 2022లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్. ఇందులో లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. మామూలుగా జీవి పుట్టినప్పుడు ఆట ఒకసారి నంబరు తీస్తుంది. 400 జాతుల పుస్తకం పూర్తి చేసి షైనీ చార్మ్ తెచ్చుకుంటే ఇంకో రెండుసార్లు తీస్తుంది. ఒకే జాతి గుంపుగా వచ్చిన చోట అరవైని ఓడిస్తే ఇంకో రెండు. ఆటలోనే శాండ్‌విచ్‌లు చేసుకోవచ్చు, షైనీ అవకాశం పెంచే స్పార్క్లింగ్ పవర్ మూడో లెవెల్ ఇచ్చేది తింటే ఇంకో మూడు. మొత్తం ఎనిమిది సార్లు, వాటిలో ఏ ఒక్కటి కుదిరినా షైనీ. 4,096ని 8తో భాగించండి, 512. శాండ్‌విచ్ పని చేసేది అరగంటే, కాబట్టి ముందు అరవైనీ ఓడించి, ఆట సేవ్ చేసి, ఆ తర్వాత శాండ్‌విచ్ తినాలి. ముందు తినేసి ఆ తర్వాత ఓడించడం మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇందులో ఒక చిక్కుంది, షైనీ మైదానంలో కనిపిస్తుంది గానీ శబ్దం రాదు, మెరుపూ రాదు. అదే సంవత్సరం వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్‌లో దగ్గరికెళ్తే టింగుమని వినిపించేది. ఇక్కడ కళ్ళే ఆధారం. రంగు బాగా మారే జాతైతే సరే, గార్చాంప్ లాంటిదైతే కళ్ళు కాయలు కాస్తాయి. దానికో కిటుకు ఉంది. మన జీవిని వదిలి "పో, కొట్టు" అంటే మామూలు వాటిని తనే వెళ్ళి కొట్టేస్తుంది. ఎదురుగా ఉన్నది షైనీ అయితే మాత్రం కొట్టదు, మొరాయించి వెనక్కి వచ్చేస్తుంది. మన కంటికి ఆనకపోయినా అది చెప్పేస్తుంది.

ఎన్ని పద్ధతులున్నా అసలు రానివి కొన్ని ఉంటాయి, అవి కూడా తెలుసుకుని మొదలుపెట్టండి. బ్లాక్, వైట్ ఆటల్లో రెషిరామ్, జెక్రోమ్, విక్టిని షైనీ కాకుండా తాళం వేసేశారు. ఆ తాళం సంగతి తెలియక, ఆట ఆపి మళ్ళీ మొదలుపెట్టి అదే జీవిని ఎదుర్కొంటూ రీసెట్లు కొట్టుకుంటూ కూర్చుంటే ఒక జన్మ చాలదు.

మన ఊరి సంగతికొద్దాం. పాత రోజుల్లో ఇక్కడ చాలామందికి గేమ్‌బాయ్ ఎక్కడిది, నెట్ సెంటర్లో ఎమ్యులేటర్, అంటే ఆ ఆటలను కంప్యూటర్లో నడిపే ప్రోగ్రాం, వేసుకుని ఆడినవాళ్ళే. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే ఆట పరుగెత్తేది, రూబీ, సఫైర్ వరసలోనే వచ్చిన ఎమరాల్డ్ ఆట మొత్తం అలాగే పరుగెత్తించేవాళ్ళు. ఆ ఎమరాల్డ్‌లో ఒక లోపముంది, ఆన్ చేసిన ప్రతిసారీ యాదృచ్ఛిక సంఖ్యల వరస ఒకే చోట మొదలవుతుంది. అందుకే ఆన్ చేసి ఒకే వేగంతో రీసెట్ కొట్టేవాడికి మళ్ళీ మళ్ళీ అవే జీవులు వస్తాయి. ఆ లోపం తెలిసినవాళ్ళు సెకనులో అరవయ్యో వంతు దాకా లెక్కగట్టి, ఎప్పుడు నొక్కితే షైనీ వస్తుందో ముందే తేల్చేసుకుంటారు. అది మోసమా, తెలివా అని అడిగితే నేను తెలివి అనే అంటాను, లెక్కల మాస్టార్ని కదా.

ఇప్పుడు మనవాళ్ళలో ఎక్కువమంది ఆడేది ఫోన్ పట్టుకుని బయట తిరుగుతూ ఆడే పోకెమాన్ గో. మన దేశానికి అది 2016 డిసెంబరులో జియోతో కలిసి వచ్చింది, రిలయన్స్ డిజిటల్ షాపులు కూడా పోకీస్టాప్‌లు, అంటే ఆటకి కావాల్సిన సరుకులు దొరికే చోట్లు, అయ్యాయి. 2017 మార్చిలో అందులో మొదటి షైనీ దిగింది, బంగారు రంగు మ్యాజికార్ప్. దాన్ని ఎర్ర గ్యారడోస్ చేయాలంటే 400 క్యాండీలు కావాలి, అవి ఆ జాతిని పట్టుకుంటేనే వస్తాయి, అంటే మళ్ళీ మ్యాజికార్ప్ వేట. 2018 జనవరి నుంచి కమ్యూనిటీ డే మొదలైంది, ఒక రోజు కొన్ని గంటల పాటు ఒకే జాతి విరివిగా ఎదురయ్యే వేడుక అది. ఈ ఆటలో అవకాశాల అంకెలు కంపెనీ బయటికి చెప్పదు, ఆటగాళ్ళే వేల మంది లెక్కలు కలిపి తేల్చుకున్నారు. మామూలు రోజున సుమారు 500లో ఒకటి, కమ్యూనిటీ డే నాడు సుమారు 25లో ఒకటి.

కానీ కమ్యూనిటీ డే ఎప్పుడు పెడతారు? మధ్యాహ్నం 2 నుంచి 5. ఏ ఊరికి ఆ ఊరి టైమే. చల్లటి దేశాలవాళ్ళకి బాగానే ఉంటుంది. మే నెల్లో రాజీవ్ గాంధీ పార్కు దగ్గర రెండింటికి నిలబడి చూడండి, పిల్లలంతా చెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటారు, ఒకడు ఇంకొకడి ఫోన్ మీద కర్చీఫ్ గొడుగులా పడతాడు, బ్రైట్‌నెస్ ఆఖరికి పెట్టినా స్క్రీన్ మీద మన ముఖమే కనపడుతుంది, ఫోన్ వేడెక్కి తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది. ఇంకో సంగతి, మ్యాప్ మీద అన్నీ మామూలుగానే కనపడతాయి, తట్టి లోపలికెళ్తేనే రంగు తెలుస్తుంది. ఒకే జీవిని ఇద్దరూ ఒకేసారి తడతారు, ఒకడి ఫోన్లో మెరుపులు, రెండోవాడి ఫోన్లో మామూలుది. ఆ రెండోవాడి ముఖం చూడాలి. పోనీ వంద తట్టాడనుకుందాం, 25లో ఒకటి చొప్పున అప్పటికీ రాకపోయే అవకాశం నూటికి రెండు కూడా లేదు. కాబట్టి ఆ రోజు పద్ధతి ఒకటే, ఆగి చూడటం మానేసి తట్టడం, కాకపోతే బయటికి రావడం, ఇంకోటి తట్టడం. ప్రతిదాన్నీ పట్టుకోవడం కంటే ఎక్కువ వాటిని తట్టి రంగు తెలుసుకోవడం ముఖ్యం.

బండి మీద మాత్రం వద్దు. స్పీడు పెరిగితే ఆట "నేను ప్యాసింజర్‌ని" అని నొక్కమంటుంది, బందరు రోడ్డు మీద ఒంటరిగా బండి నడుపుతూ దాన్ని నొక్కేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. నోట మాట రాలేదు.

లొకేషన్ మార్చే యాప్‌లతో ఇంట్లో కూర్చుని న్యూయార్క్‌లో తిరిగేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. మొదట హెచ్చరిక వస్తుంది, తర్వాత కొన్నాళ్ళు బయట పెడతారు, మూడోసారి అకౌంటే పోతుంది. డబ్బుకి షైనీలు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు, మెయిన్ ఆటల్లో అలా వచ్చేవి చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసినవే. ఎవరైనా మీకు ఇచ్చింది అరుదైన షైనీ అయ్యుండి, పేరు స్థానంలో వెబ్‌సైట్ అడ్రస్ ఉంటే ఇంక అనుమానించేది ఏముంది?

ప్రశ్నలుంటే అడగండి. ... ఆ, చెప్పండి సార్. "మా వాడు దీని మీద పెట్టే టైము చదువు మీద పెట్టొచ్చు కదా?" పెట్టొచ్చండి. టైముకి మీరు హద్దు పెట్టండి, నేను అడ్డు రాను. కానీ మా క్లాసులో ప్రాబబిలిటీ చెప్తున్నప్పుడు, నాణేలు, ఎర్ర బంతులు, తెల్ల బంతులు అంటే కునుకు తీసే పిల్లలే 4,096 అనగానే లేచి కూర్చుంటారు. నేను దాన్ని వాడుకుంటున్నాను, మీరూ వాడుకోండి.

ఇంకొకరు... ఆ అమ్మాయి. "సార్, గుంటూరులో మా అన్నయ్య దగ్గర ఒకే రకం షైనీలు రెండున్నాయి, గోలో నాకు ఒకటి ఇస్తానంటున్నాడు, తీసుకుంటే రంగు పోతుందా?" పోదమ్మా, షైనీ షైనీగానే వస్తుంది, లోపలి బలం అంకెలు మాత్రం మళ్ళీ కొత్తగా పడతాయి. కానీ ఇవాళే తీసుకోకు. అది నీ దగ్గర లేని షైనీ కదా, ఆటలో కొత్తగా స్నేహం కలిపినవాళ్ళ మధ్య దానికి 10 లక్షల స్టార్‌డస్ట్, అంటే ఆటలోని డబ్బు లాంటిది, అడుగుతుంది, అదే బెస్ట్ ఫ్రెండ్ స్థాయికి వచ్చాక 40,000తో అయిపోతుంది. దానికి 90 రోజులు పడుతుంది, రోజుకొకసారి గిఫ్ట్ తెరిచినా చాలు. ఈలోపు అన్నయ్యతో దెబ్బలాడకు. (నవ్వులు) అవి రెండూ ఉన్నాయా, ఒకటి పొరపాటున ప్రొఫెసర్‌కి పంపించేశాడా, పంపితే మళ్ళీ రాదు, అని ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో, స్టార్ గుర్తు పెట్టుకోమని చెప్పు, గుర్తు పెడితే పంపడం కుదరదు. తర్వాత ఎవరు? ఆ చారల చొక్కా బాబు, మైకు అటివ్వండి.